తుడవాలా, ఉంచాలా?

మధ్యాహ్నం గంట కొట్టగానే క్లాసంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని బయటికి పరుగెత్తింది. సబ్బుబిళ్ళ మాత్రం కదల్లేదు.

అది ఆ పిల్ల అసలు పేరు కాదని వేరే చెప్పాలా? కనబడిందల్లా తుడిచి, కడిగి, సర్దితే గానీ ఆ పిల్లకు ముద్ద దిగదు. ఎవరి బెంచీ మీద ఇంకు మరక పడినా తడిగుడ్డతో హాజరు. అందుకే క్లాసువాళ్ళు ఆ పేరు పెట్టారు.

ఇవాళ కిటికీ పక్కన ఒక పొడవాటి బల్ల వేశారు. పిల్లలు తమ తమ ఇళ్ళ నుంచి, దేవుడికి సంబంధించిన వస్తువు ఒక్కొక్కటి తెచ్చి దాని మీద పెట్టారు. చివరి పీరియడ్‌లో ఇళ్ళ పెద్దవాళ్ళు చూడడానికి వస్తారు. "బల్ల సర్దే పని నీది" అని టీచరమ్మ చెప్పినప్పటి నుంచి సబ్బుబిళ్ళ కాళ్ళు నేలమీద లేవు.

తను తెచ్చింది ఒక మడత చెక్కపీట. ఇంట్లో ఖురాన్ చదివేటప్పుడు దాన్ని విప్పి, మీద పుస్తకం పెడతారు. పుస్తకాన్ని మాత్రం నాన్న పంపలేదు. "అందరి చేతులూ పడతాయి తల్లీ, పీట పట్టుకెళ్ళు చాలు" అన్నాడు.

పీటకి అవతల ఒక ఇత్తడి దీపం ఉంది. నిండా మసి, అక్కడక్కడా ఎర్రటి మరకలు. అది నిద్రమొహం తెచ్చాడు. వాడు ఇప్పుడు కూడా పక్క బెంచీ మీద తల వాల్చి గుర్రు పెడుతున్నాడు. 'దీన్ని ఆఖర్న తోముదాంలే' అనుకుంది సబ్బుబిళ్ళ.

పీటకి ఇవతల గుండుసూది వాళ్ళ నానమ్మ బైబిల్ ఉంది. గుండుసూది తన ప్రాణస్నేహితురాలు. మనిషి సన్నం, మాట పదును.

బైబిల్ అట్ట తుడిచి, లోపల దుమ్ముందేమోనని తెరిచింది.

పేజీ నిండా పెన్సిల్ గీతలు! మాటల కింద వంకరటింకర గీతలు. పక్కన ఖాళీలో కోడి గెలికినట్టు రాతలు. ఒకచోట 'జ్వరం తగ్గింది' అని ఉంది. ఇంకోచోట 'ఇవాళ వాన' అని ఉంది.

'దేవుడి పుస్తకంలో జ్వరం గొడవ ఎవరు రాశారు? ఏ చిన్నపిల్లాడో గెలికి ఉంటాడు. పాపం, నానమ్మ చూసుకోలేదు.'

పొద్దున టీచరమ్మ చెప్పిన పాఠం ఆ పిల్లకు ఇంకా చెవుల్లోనే ఉంది. యూదులు తమ పవిత్ర గ్రంథమైన తోరా చుట్టని చదివేటప్పుడు అక్షరాల మీద వేలు పెట్టరట. చిన్న చెయ్యి ఆకారంలో ఉన్న పుల్లతో చూపిస్తూ చదువుతారట. ఆ చుట్టలో ఒక్క అక్షరం తప్పు పడినా దిద్దేదాకా దాంట్లో చదవరట. సిక్కులు తమ గ్రంథాన్ని రాత్రిపూట పట్టుగుడ్డల్లో పడుకోబెడతారట. బౌద్ధ సన్యాసులు పొడవాటి తాళపత్రాలని గుడ్డలో చుట్టి దాస్తారట. తమ ఇంట్లో మాత్రం? ఖురాన్‌ని గుడ్డలో చుట్టి బీరువా పైన పెడతారు. చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కోనిదే ఎవరూ ముట్టుకోరు.

ఇంకా ఆలోచించడానికి ఏముంది? రబ్బరు తీసింది.

కాగితం ఉల్లిపొరలా పల్చన. ఊపిరి బిగబట్టి, మెల్లగా, పేజీ తర్వాత పేజీ తుడిచింది. రబ్బరు పొట్టు పక్క బెంచీ మీద రాలుతున్నా చూసుకోలేదు. డబ్బాలో అన్నం చల్లారిపోయింది. గంట కొట్టేసరికి పుస్తకంలో సగం కూడా కాలేదు. అయినా చేసినంత మేరా తళతళలాడుతోంది. నానమ్మ ఎంత మెచ్చుకుంటుందో!

చివరి పీరియడ్‌లో పెద్దవాళ్ళు వచ్చారు. గుండుసూది నానమ్మ కూడా వచ్చింది. మనిషి చిన్నదే గాని గొంతు పెద్దది.

"రండర్రా, నా పేజీ చూపిస్తా! వీళ్ళ నాన్న చిన్నప్పుడు జ్వరంతో మూసిన కన్ను తెరవలేదు. పక్కనే కూర్చుని చదివాను. జ్వరం దిగినప్పుడు నేను చదువుతున్న చోట గుర్తు పెట్టుకున్నాను. ఇదిగో..."

పేజీ తీసింది. కళ్ళజోడు సర్దుకుంది. ఇంకో పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. ఆవిడ గొంతు అలా అలా తగ్గిపోయి ఆగిపోయింది.

"నా గీతలేవే?" అంది మనవరాలితో, చిన్నపిల్లలా.

సబ్బుబిళ్ళకి ఏమీ అర్థం కాలేదు. గీతలు పోతే సంతోషించాలి కదా? ఆవిడ మళ్ళీ మళ్ళీ అవే పేజీలు ఎందుకు తిప్పుతోంది?

గుండుసూది బల్లంతా వెతికింది. పక్క బెంచీ మీద రబ్బరు పొట్టు కనబడింది. ఆ బెంచీ నిద్రమొహానిది.

"వీడే! మధ్యాహ్నం ఇక్కడే ఉన్నాడు. ఒరేయ్, ఏం చేశావురా మా నానమ్మ పుస్తకాన్ని?"

"నేనా?" వాడు కళ్ళు నులుముకున్నాడు. "నేను పడుకున్నాను కదా."

"రబ్బరు పొట్టు నీ బెంచీ మీద ఎందుకుంది?"

వాడు పొట్టు వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఏమో... నిద్రలో చేశానేమో" అన్నాడు భయంగా.

ఎవరో కిసుక్కుమన్నారు. వాడి కళ్ళలో మాత్రం నీళ్ళు తిరుగుతున్నాయి.

సబ్బుబిళ్ళ జేబులోని రబ్బరుని గట్టిగా పట్టుకుంది. నోరు తెరిస్తే గుండుసూది జన్మలో మాట్లాడదు. తెరవకపోతే వీడు చెయ్యని తప్పుకు ఏడుస్తాడు.

"వాడు కాదు. నేను" అంది.

గుండుసూది చటుక్కున తనవైపు తిరిగింది.

"మురికి అనుకున్నాను నానమ్మా. దేవుడి పుస్తకంలో ఎవరో గెలికారనుకున్నాను. మా ఇంట్లో గీత గీస్తే నాన్న ఊరుకోడు."

"గెలకడమా? అది మా నానమ్మ చేతిరాత!" అని గుండుసూది ముఖం తిప్పేసుకుంది.

నానమ్మ పేజీ అంచుని వేలితో తడిమింది. తర్వాత కుర్చీలో కూలబడి, "ఇలా రావే పిల్లా. మీ ఇంట్లో పుస్తకాన్ని ఎలా చూసుకుంటారో చెప్పు" అంది.

బీరువా గురించి, గుడ్డ గురించి, చేతులు కడుక్కోవడం గురించి చెప్పింది సబ్బుబిళ్ళ.

"అంత బాగా చూసుకుంటారన్నమాట. నేనైతే దిండు పక్కనే పెట్టుకుంటాను. ఆయన మాట చదువుతాను, పక్కన నా మాట రాస్తాను. అదే మా ఇద్దరి కబుర్లు."

సబ్బుబిళ్ళ టీచరమ్మ వైపు తిరిగింది. "మరి ఏది ఒప్పు టీచర్? రాయడమా, రాయకపోవడమా?"

"వాళ్ళింట్లో అది మర్యాద. మీ ఇంట్లో ఇది మర్యాద."

"రెండూ ఒప్పు ఎలా అవుతాయి టీచర్?"

టీచరమ్మ బల్ల మీది వస్తువుల వైపు చూసింది. "నేనూ ఆలోచించాలి" అంది.

టీచరుకే తెలియకపోతే ఇంక తన గతేమిటి? సబ్బుబిళ్ళ బుర్ర మరింత గిర్రున తిరిగింది.

నానమ్మ పుస్తకాన్ని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుంది. సాయంత్రపు ఎండ పేజీ మీద పడింది. పెన్సిల్ పోయినా, నొక్కిన చోటల్లా సన్నటి గాడి కనబడింది.

"నాది మోటు చెయ్యిలే, మంచిదైంది!" నానమ్మ గొంతు మళ్ళీ లేచింది. పుస్తకం పెట్టుకోవడానికి అటూ ఇటూ చూసింది. ఆవిడ చూపు చెక్కపీట మీద ఆగింది. చెయ్యి చాచబోయి, ఆపేసుకుంది.

"ఇది మీదేనా? దీని మీద మా పుస్తకం పెట్టొచ్చా?"

సబ్బుబిళ్ళ పీట వైపు చూసింది. "తెలీదు నానమ్మా. నాన్నని అడగాలి."

"అయితే అడిగి చెప్పు. ఈలోగా నా ఒళ్ళే పీట" అని ఒళ్ళో పెట్టుకుంది. "కళ్ళు నీవి పదును. గాడి వెంటే గీయి."

దేవుడి పుస్తకంలో తను గీయడమా? సబ్బుబిళ్ళ తన అరచేతులు చూసుకుంది. "ఒక్క నిమిషం" అని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. చేతులు శుభ్రంగా కడుక్కుని, గౌనుకి తుడుచుకుని వచ్చింది.

పెన్సిల్ కోసం వెతికేలోగా ఒకటి ముందుకొచ్చింది. గుండుసూదిది. అప్పుడే చెక్కింది. ముఖం మాత్రం ఇంకా అటువైపే ఉంది.

జ్వరం గీత దొరికింది. వాన గీత దొరికింది. ఒకచోట గాడి బొత్తిగా కంటికి ఆనలేదు. "అక్కడ ఏం రాశానో నాకూ గుర్తులేదే" అంది నానమ్మ. ఆ చోటు అలాగే తెల్లగా ఉండిపోయింది. ఆ తెలుపు సబ్బుబిళ్ళకి నచ్చలేదు.

అందరూ బయల్దేరుతుంటే బల్ల మీది ఇత్తడి దీపం కంటపడింది. మసి, ఎర్ర మరకలు. సబ్బుబిళ్ళ చెయ్యి దానంతటదే తడిగుడ్డ అందుకుంది.

దీపం దాకా వెళ్ళి ఆగింది. గుడ్డ కింద పెట్టి, వెనక్కి వచ్చి నిద్రమొహాన్ని భుజం పట్టి కుదిపింది.

"ఒరేయ్, ఇందాక నిన్ను ఇరికించాను, ఏమనుకోకు. ఇది చెప్పు. మీ దీపం తుడవాలా, ఉంచాలా?"

వాడు ఒక కన్ను తెరిచాడు. "ఎర్రవి మా అమ్మ పెట్టిన బొట్లు. ముట్టుకోకు."

"మరి నల్లది?"

"అదా? అది వట్టి మసే. పొద్దున తోమమంది మా అమ్మ. నేను నిద్రపోయాను."

సబ్బుబిళ్ళ గుడ్డని వేలి కొసకి చుట్టుకుంది. బొట్టుకీ బొట్టుకీ మధ్య మసిని మాత్రం మెల్లగా తుడవడం మొదలుపెట్టింది.