చలిగది మేల్కొలుపు

కాలేజీ వెనక వీధిలో ఆ మూడంతస్తుల ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్ళూ, మంచు కురిసే రాత్రి దాని పక్కగా ఎవరూ నడిచేవారు కాదు. అమెరికాలో మా అయోవా చలిలో చుట్టుదారి పట్టడమంటే మాటలా? అయినా పట్టేవారు. కాఫీ హోటల్ నడిపే మొండిదాన్ని... నేనూ పట్టేదాన్ని.

ఒకప్పుడు అది కాలేజీ కుర్రాళ్ళు ప్రమాణాలు చేసి చేరి, కలిసి కాపురముండే సోదర సంఘం ఇల్లు. గుమ్మం మీద గ్రీకు అక్షరాలు, లోపల గొప్ప గొప్ప ప్రమాణాలు. పడుకునేది మాత్రం అందరూ పై అంతస్తులోనే, చలికాలమైనా కిటికీలు తెరిచి ఉంచే చలిగదిలో — వరసగా ఇనప మంచాలు. తెల్లవారకముందే అందరినీ లేపే పని కొత్తగా చేరినవాడిది. దీపం వెలిగించకూడదు, నోరు మెదపకూడదు. పాదం పట్టుకుని ఊపాలి. తిట్టినా, తన్నినా... పాదాలు రెండూ నేలకి ఆనేదాకా వదలకూడదు.

వెండెల్ అనే కుర్రాడు ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించాడు. ఒక తెల్లవారుజామున కింద వంటింట్లో మంట లేచింది. లేచినవాళ్ళంతా పరిగెత్తారు. వాడు మాత్రం చివరి మంచం దగ్గరే నిలబడి ఊపుతూ ఉన్నాడు. ఆ మంచం మనిషి రాత్రే ప్రియురాలి కోసం గోడ దూకాడు — పెద్దవాళ్ళు కనిపెట్టకుండా, దుప్పటి కింద రగ్గు చుట్టి, చివర బూట్లు పెట్టి మరీ! పొగలో వెండెల్ శవం దొరికినప్పుడు బూటు వాడి గుప్పిట్లోనే ఉందట.

సంఘాన్ని ఆ ఏడే మూసేశారు. వెండెల్‌ని మాత్రం ఎవరూ పనిలోంచి తీయలేదు...

ఏళ్ళు గడిచాక ఆ ఇంటిని పడగొట్టించే కాంట్రాక్టరు, రాగి గొట్టాలు దొంగలెత్తుకుపోతున్నారని చలిగదిలో రాత్రి కాపలా పెట్టాడు. మొదటివాడు కోటు కూడా తొడుక్కోకుండా పారిపోయాడు. రెండోవాడు జీతం అడగడానికి కూడా రాలేదు. ఆ తర్వాత దొరికినవాడు ఆర్విడ్ — నాతో చదువుకున్నవాడు. వియత్నాం యుద్ధంలో ఎడమకాలు మోకాలి కింద పోగొట్టుకొచ్చాడు. చిత్రమేమిటంటే, ఆ లేని పాదమే వాణ్ణి రాత్రీ పగలూ నొప్పితో చంపేది. ఎక్కడికెళ్ళినా "కుంటివాడివి, నీ వల్ల కాదు" అన్నారు. ఇదొక్కటే దొరికిన పని. దీన్నీ వదిలి పారిపోతే ఊళ్ళో ఇంకెవడూ పిలిచి పని ఇవ్వడు.

"భయం లేదట్రా?" అన్నాను కాఫీ పోస్తూ.

"నాకు సగం భయమే, హిల్డా. ఊపడానికి ఒక్క పాదమేగా ఉంది!"

"ఆ ఒక్కటీ జాగ్రత్తగా దాచుకో, వెధవా."

దాచుకున్నాడు కూడా. కొయ్యకాలు విప్పి మంచం పక్కన పెట్టి, కుడికాలు ఒంటికిందికి మడుచుకుని పడుకున్నాడు. కిటికీలోంచి మంచు తుంపర. ఎప్పుడో కన్ను మూతపడింది...

మెట్లు కిర్రుమన్నాయి.

అడుగులు — ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ, మళ్ళీ కదులుతూ — వాడి మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాయి. ఆర్విడ్ ఊపిరి బిగబట్టాడు.

చల్లటి చెయ్యి పాదం పట్టుకుంది.

ఎడమ పాదం. లేని పాదం!

అయిదు వేళ్ళూ విడివిడిగా తెలిశాయట. ఊపింది. ఆగింది. మళ్ళీ ఊపింది. టార్చి వేసి చూస్తే మనిషి లేడు... మోకాలి కింద దుప్పటి చదునుగా పడి ఉంది. కాలు లాక్కోబోతే పట్టు ఇంకా బిగిసింది.

"లేచానురా నాయనా... వదులు" అన్నాడు గుసగుసగా.

వదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది — నేలకి ఆనాలి. కుడికాలు దించాడు. మొండికాలూ దించాడు. అది గాలిలో వేలాడింది. ఎక్కడినుంచో పొగ వాసన... చీకట్లో ఎవరిదో దగ్గు. కొయ్యకాలు లాక్కుని, పట్టీలు బిగించి, బూటుతో సహా నేలకి ఆనించాడు.

చెయ్యి కిందికి జారింది. బూటుని తడిమింది. నెమ్మదిగా... చుట్టూ తడిమింది.

మళ్ళీ బూటేనా అన్నట్టు ఆగింది.

ఆ లేని పాదాన్నే ఒక్క గుంజు గుంజింది! అడుగులు దడదడా మెట్లు దిగి పరిగెత్తాయి.

ఆర్విడ్ మాత్రం పారిపోలేదు. తెల్లవారేదాకా మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు. పని నిలబడింది. కాలు పోయినవాళ్ళకి అలా అనిపించడం మామూలేనని, అంతా నరాల మాయేనని డాక్టరు తేల్చేశాడు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. వసంతంలో ఇంటిని నేలమట్టం చేశారు, ఇప్పుడక్కడ గడ్డి.

మొన్న పట్టపగలు హోటల్‌కొచ్చాడు. "నొప్పి ఎలా ఉందిరా?" అన్నాను.

"లేదు. ఆ రాత్రితోనే పోయింది."

"ఇంకేం! ఆ కుర్రాడు పుణ్యం కట్టుకున్నాడు."

ఆర్విడ్ నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నొప్పే పోయింది, హిల్డా... పాదం తెలుస్తూనే ఉంది. నేనిక్కడ నీ ఎదురుగా కూర్చున్నానా... అది మాత్రం — ఇదిగో, ఇప్పుడూ — ఆ చలిగది చెక్కమెట్లు ఎక్కుతోంది."