మలికిపురం నుంచి వచ్చే రీళ్ళు

ఆ ఏడాది శ్రావణమాసంలో నాగసతీష్ చేతిలో ఉన్నవి కొబ్బరి వ్యాపారంలో మిగిల్చిన రెండు లక్షలు, ఓ స్కూటరు, సినిమా లాభాలమీద కొండంత ఆశ. ఆ రెండు లక్షలూ పోసి ఓ కొత్త సినిమాకి కోనసీమ హక్కులు కొన్నాడు. ప్రింటు ఒక్కటే ఇచ్చారు.

రాజోలు హాలు బాబూరావు గారిది. వ్యవహారమంతా బీకాం చదివిన కూతురు భవానీదేవిది.

"ఖాయంగా ఇంతని ఇవ్వలేమండి. వసూళ్ళలో వాటా అయితే సరే," అందామె.

"సినిమా నచ్చలేదాండి?"

"ఆఖరిదాకా పోట్లాడుకుని పెళ్ళి చేసుకుంటారు. ఎందుకు చేసుకున్నారో మీకేమైనా తెలుసా?"

"పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరండి."

"అక్కడ మన డబ్బు పోదు కదండి!" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి సతీష్ వాటాకి ఒప్పేసుకున్నాడు. వ్యాపారి చెయ్యకూడని పని.

అదే ప్రింటు మలికిపురంలోనూ ఆడుతోంది. అక్కడ ఆట గంట ముందు. అక్కడ తిరిగిన రీళ్ళు ఇతను స్కూటరుమీద రాజోలు చేర్చాలి. రెండుచోట్లా హాళ్ళు సగం ఖాళీ. పెట్టుబడి గోదాట్లో కలిసినట్టే అనుకుంటుండగా, ఓ మ్యాట్నీకి జోరువాన పట్టుకుంది. ఆఖరి రీళ్ళు తెచ్చేసరికి డబ్బాలమీద సుద్దతో వేసిన నెంబర్లు చెరిగిపోయాయి.

"ఏది ముందండీ?" అన్నాడు ఆపరేటర్ వీర్రాజు.

సతీష్ ఊహకొద్దీ ఒకటి చూపించాడు.

తెరమీద తాళి కట్టేశారు. 'శుభం' పడింది. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడ్డారు, ఆ వెంటనే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పోట్లాట మొదలెట్టేసరికి.

భవాని మిషను గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "ఏం చేసేరండీ! పెళ్ళి ముందే చేసేసేరు!"

"ఆపించమంటారా?"

"ఉండండి... వినండి."

కింద ఆడవాళ్ళ బెంచీల్లో ఒకటే నవ్వులు. ఆట వదిలాక మంగాయమ్మ అనే పెద్దావిడ, "ఆయ్, అచ్చం మా ఇంట్లోలాగే ఉందండి. రేపు మా తోడికోడళ్ళని తీసుకొస్తాను," అంది.

'శుభం' ముక్క కత్తిరించి పోట్లాట చివర అతికించమంది భవాని. రెండుచోట్లా అదే వరుసలో వేశారు. హాళ్ళు నిండిపోయాయి.

"ఖాయంగా ఇచ్చుంటే ఇదంతా మీకే మిగిలేదండి," అన్నాడు సతీష్, తన వాటా అందుకుంటూ.

"ఉడికించకండి."

"ఆ డబ్బు మీ ఇల్లు దాటకుండా ఓ దారుందండి. మీ నాన్నగారిని అడగాలి."

"ముందు నన్నడగరా?"

"అడుగుతున్నానండి."

ఆమె టిక్కెట్ల కట్ట సర్దింది. "మనమింకా సరిగ్గా పోట్లాడుకోనేలేదు."

"అది పెళ్ళయ్యాకే బాగా ఆడుతుందండి."

"ఆయ్," అంది, తలెత్తకుండా.

ఖర్చులు పోను సినిమామీద లక్షా పాతికవేలు మిగిలింది. అదంతా మాఘమాసంలో పెళ్ళికే సరిపోయింది. నికరంగా సతీష్‌కి మిగిలింది భవానీదేవి.