కింద పడ్డ ఎర్ర బాక్స్

"సైట్‌లో ఎర్ర బాక్స్ కుడి పక్కన ఉంటే బేరం సాగించాలి. కిందుంటే లేచి పారిపోవాలి. అదే సిగ్నల్!"

చీఫ్ రామబ్రహ్మం బ్రీఫింగ్ అంతే.

2005 మే. జగ్గయ్యపేటలో సీతారావమ్మ గారి నెట్ సెంటర్. సిమెంట్ డీలర్ వేషంలో ఏజెంట్ జయంత్. పెట్టుడు మీసం చెమటకి జారిపోతోంది. బామ్ డబ్బాలో దాచిన పెన్ డ్రైవ్ తీసి, దొంగ సిమెంట్ వెబ్‌సైట్ అప్‌లోడ్ చేసాడు. ఫైర్‌ఫాక్స్‌లో చూసాడు. ఎడమ మెనూ, కుడి పక్కన ఎర్ర ఆఫర్ బాక్స్. సూపర్!

అటు నందిగామ నెట్ సెంటర్‌లో అదే సైట్ చూస్తోంది ఉషశ్రీ. డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. పక్కనే విదేశీ ముఠా లీడర్ మార్కో. క్వారీల్లో కొట్టేసిన డిటోనేటర్లు ఆ సైట్ చాటున కొనడానికొచ్చాడు. పోలీసు జీపు ఇంకా కంచికచర్లలోనే ఉంది. అదొచ్చేదాకా వాణ్ణి కూర్చోబెట్టాలి.

జయంత్ సెల్ మోగి ఆగింది. మళ్ళీ మోగి ఆగింది.

రెండు మిస్డ్ కాల్స్! "బాక్స్ కిందుంది, వెళ్ళిపోతున్నా" అని కోడ్. ఒక్కటైతే ఓకే. ఉషశ్రీ చివరిగా ఒక్కసారి రిఫ్రెష్ కొట్టి లేచిపోతుంది. ఫోన్ చేద్దామంటే పక్కనే మార్కో!

"ఛ! అక్కడున్నది ఫైర్‌ఫాక్స్ కాదు, పాత బ్రౌజర్ ఎక్స్‌ప్లోరర్ సిక్స్!"

తనూ అందులో తెరిచాడు. బాక్స్ మెనూ కింద పడుంది.

"ఏంటి బాబూ, కీబోర్డు పగలగొడతావా?" సీతారావమ్మ కసిరింది.

"ఒకటే పేజీ అండీ! దాంట్లో పక్కన, దీంట్లో కింద!"

"మా ఆయనా, మా మరిదీ అంతే. ఒకటే మాట చెప్తే చెరోటి చేసుకొస్తారు."

బాక్స్ వెడల్పు తగ్గించాడు. లోపలున్న సిమెంట్ బస్తా ఫొటో తగ్గనివ్వలేదు. బాక్స్ మళ్ళీ సాగింది, మళ్ళీ కిందే! ఏడుపొచ్చింది. అప్పుడు మెనూ చూసాడు. ఎడమ వైపుకి ఫ్లోట్ చేసిన, అంటే జరిపి పెట్టిన మెనూకి ఎడమ పక్కన ఇరవై పిక్సెళ్ళ మార్జిన్, అంటే ఖాళీ ఇస్తే, ఈ ఎక్స్‌ప్లోరర్ నలభై వేసుకుంది! అందుకే బాక్స్‌కి చోటు చాల్లేదు.

ఆ రెట్టింపు పోయేలా మెనూకి 'డిస్‌ప్లే ఇన్‌లైన్' అని కోడ్‌లో ఒక్క లైను కొట్టాడు. అప్‌లోడ్. డయలప్ నత్తలా పాకింది. తొంభై... తొంభై ఐదు... అయింది!

రిఫ్రెష్ కొట్టాడు. బాక్స్ టక్కున పక్కకొచ్చింది.

సెల్ ఒక్కసారి మోగి ఆగింది. రెండోది వస్తుందేమోనని సెల్ వంకే చూసాడు. ఇంక మోగలేదు.

కాసేపటికి చీఫ్ కాల్. "దొరికాడోయ్! ఉషశ్రీతో పాటు వాడూ లేవబోయాడట. ఆఫర్ చూడండి సార్ అని మళ్ళీ కూర్చోబెట్టిందట. అంతలో జీపొచ్చింది. శభాష్! అవునుగానీ, నా నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో బాక్సే లేదేంటయ్యా?"

జయంత్ మీసం పీకి బల్ల మీద కొట్టాడు.

"సార్, జీపు ఖాళీ అయ్యాక మీ ఆఫీసుకి పంపండి. ఆ నెట్‌స్కేప్‌ని కూడా ఎక్కించేద్దాం."