వీడియో గదిలోకి వెళ్లొచ్చినవాళ్లు

ఆ పోలీస్ స్టేషన్‌లో లాకప్పంటే దొంగలకి భయం. వెనకవైపు వీడియో గదంటే మాత్రం... పోలీసులకే భయం. లోపలికి ఒక మనిషి వెళ్తాడట, బయటికి ఇంకో మనిషి వస్తాడట.

ఇది నాకు చెప్పింది మా బావమరిది. అక్కడ కంప్యూటర్లు బాగుచేస్తుంటాడు. కట్టుకథలు అల్లే తెలివి వాడికి లేదు. ఉంటే ఈపాటికి ఉద్యోగంలో పైకొచ్చేవాడు.

గదిలో చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక బల్ల, ఒక తెర, మూడు కుర్చీలు. పోలీసులు గుండెల మీద కెమెరాలు తగిలించుకుంటారు కదా... ఏదైనా గొడవ జరిగితే ముందు ఆ గదిలో కూర్చుని వీడియో చూడాలి, తర్వాతే రిపోర్టు రాయాలి. పొరపాట్లు దొర్లకూడదని పెట్టిన పద్ధతి. నిజంగానే దొర్లడం మానేశాయి. గొడవ మధ్యలో నిలబడినవాడూ, జీపులో గురకపెట్టినవాడూ అచ్చుగుద్దినట్టు ఒకేలా రాసేవారు.

ఒక రాత్రి ఖాళీ గోదాములో ఎవరో తిరుగుతున్నారని ఫోనొచ్చింది. ఇన్‌స్పెక్టరూ, కొత్తగా చేరిన కానిస్టేబులమ్మాయీ వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. వెంట బేడీలతో ఒక ముసలాయన, ఆ గోదాము కాపలాదారు. పోలీసు మీద చెయ్యిచేసుకున్నాడని కేసు. అది నిలబడితే ఆ వయసులో ఆయనకి జైలే.

తాతని లాకప్పులో పెట్టొచ్చి, ఆ అమ్మాయి నవ్వాపుకోలేక మా బావమరిది చెవిలో గుసగుసలాడింది.

"తాత కొట్టలేదన్నయ్యా. సార్ గన్ను చూపిస్తూ వెనక్కి నడుస్తున్నారు. 'అయ్యా, వెనక బకెట్టుంది' అని తాత చెయ్యెత్తి అరిచాడు. సార్ వింటేగా... పడ్డారు."

"అదే రాసెయ్యమ్మా."

"రాస్తాను. వీడియో చూసొచ్చి రాస్తాను."

మావాడు అడ్డుపడ్డాడట. "ముందు రాసి, తర్వాత చూడరాదూ?"

"అది పద్ధతి కాదన్నయ్యా."

వెళ్లిపోయింది. వైరు సరిచేసే వంకతో మావాడూ వెనకాలే దూరాడు. లోపల ఇన్‌స్పెక్టరు నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు మూసుకుంది.

ఆ కెమెరాలకి ఒక గుణం ఉంది. బటన్ నొక్కడానికి ముందు జరిగిన అరనిమిషాన్ని కూడా రికార్డు చేసి ఉంచుతాయి — కానీ బొమ్మ మాత్రమే, శబ్దం ఉండదు. కంగారులో అమ్మాయి బటన్ నొక్కింది సార్ పడ్డాకే.

తెర మీద పైన మూలన తేదీ, టైమూ, మిగతాదంతా చీకటి... టార్చి వెలుగు... తాత మొహం. నోరు కదిలింది. మాట లేదు. చెయ్యి పైకి లేచింది. అంతే — ఇన్‌స్పెక్టరు మాయమయ్యాడు. అప్పుడొచ్చింది శబ్దం, ఎక్కడో కిందనుంచి: "కొట్టాడు... నన్ను కొట్టాడు..."

"సార్, ఇక్కడ బకెట్టు..." అంది అమ్మాయి.

"ఏదీ, చూపించు."

బకెట్టు బొమ్మలో పడలేదు. ఏం చూపిస్తుంది పాపం.

"మళ్లీ పెట్టు."

రెండోసారికి ఆమె మొహంలో నవ్వు పోయింది. మూడోసారి... రెప్ప కూడా వెయ్యలేదట.

"ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

"తాత చెయ్యెత్తాడు సార్. మీరు పడ్డారు."

మావాడు ఉండబట్టలేకపోయాడు. "బకెట్టని ఇందాకే నాతో చెప్పావు కదమ్మా."

ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా మావాణ్ణి అడిగాడు.

"నువ్వు గోదాములో ఉన్నావా?"

"లేను సార్."

"నీకు కెమెరా ఉందా?"

"లేదు సార్."

"మరి నీకు గుర్తుండటమేంటి?"

అమ్మాయి రిపోర్టు రాసి సంతకం పెట్టింది. బయటికొస్తుంటే లాకప్పు ఊచల వెనకనుంచి తాత పిలిచాడు.

"అమ్మా... బకెట్టుందని ఎంత గట్టిగా అరిచానో నువ్వు విన్నావుగా. రాశావా తల్లీ?"

ఆమె ఆగింది. కళ్లు మూసుకుంది. అది నటన కాదని మావాడు ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. గుర్తు తెచ్చుకోవాలని ఆ పిల్ల అంత కష్టపడుతుంటే, చూడలేక తలతిప్పుకున్నాడట.

"నువ్వు కనిపిస్తున్నావు తాతా," అంది చివరికి, ఏడుపు గొంతుతో. "నీ నోరు కదులుతోంది. పైన మూలన తేదీ, టైమూ కూడా కనిపిస్తున్నాయి... నీ మాటే వినిపించట్లేదు."