ఎర్రదారం కట్టిన ఆనపకాయ

తీగలకోట రాజ్యంలో పెరడు లేని ఇల్లు ఉండేది కాదు. ఎండాకాలంలో గోంగూర, తోటకూర వేసుకునేవారు. తొలకరి పడగానే ఆనప, బీర, పొట్ల పాదులు పెట్టేవారు. చలి మొదలయ్యేసరికి చిక్కుళ్ళు పందిళ్ళెక్కేవి, వాటి పక్కన బంతులూ చేమంతులూ విచ్చుకునేవి. ఏ కాలానికి కావలసిన గింజలు ఆ కాలం దాకా ఇంటి చూరుకు మూటల్లో వేలాడుతుండేవి.

కోటలోనూ అంతే. రాణి మందారవల్లి తన చేతులతోనే పెరడు పెంచేది. ఆమె పోయాక రాజు రణధీరుడు పొద్దున్నే చెంబు పట్టుకుని ఆమె నాటిన చేమంతులకు నీళ్ళు పోసి, ఆ తర్వాతే సభకు వెళ్ళేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. పాదుకు కాసిన మొదటి మంచి కాయను ఎవరూ కోసేవారు కాదు. తొడిమకు ఎర్రదారం కట్టి విత్తనానికి వదిలేసేవారు. దాన్ని ఎవరికైనా చూపించాలంటే వేలు ముడిచి చూపించాలి. వేలు చాచి చూపిస్తే కాయ కుళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం.

రాజకుమారుడు జయకేతుడికి కత్తిసాము వచ్చు, గుర్రపుస్వారీ వచ్చు. పెరడు సంగతి మాత్రం పట్టేది కాదు. ఒకనాడు అతడు వేట నుంచి ఆకలితో తిరిగి వస్తూ, ఊరి చివర ఒక ముసలమ్మ పందిరి మీద నిగనిగలాడుతున్న లేత ఆనపకాయను చూశాడు.

"అదిగో, అది కోయండి. ఇవాళ దప్పళం పెట్టిద్దాం" అని వేలు చాచి చూపించాడు.

"దానికి దారం ఉంది, దొరా" అన్నాడు వెంట ఉన్న భటుడు, చేతులు వెనక్కి పెట్టుకుని.

"దారం మనం తినం కదా!" అని నవ్వి, జయకేతుడు తనే కత్తితో కాయను తెంపాడు.

ముసలమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. ఆమె మామూలు ముసలమ్మ కాదు. ఎండకూ వానకూ చలికీ పెద్దదిక్కైన మూడు కాలాల అవ్వ.

"విత్తనానికి ఉంచిన కాయ తింటావా, నాయనా? అయితే విత్తనం కోసమే నిలబడి ఉండు" అంది.

జయకేతుడి పాదాలు నేలలో దిగబడ్డాయి. చూస్తుండగానే అతడు పందిరి కింద ఒక కర్రగుంజ అయిపోయాడు. కత్తీ కాయా కింద పడ్డాయి.

కబురు విని రాజూ, జయకేతుడి చెల్లెలు హేమలేఖా పరుగెత్తుకుని వచ్చారు. అవ్వ వాళ్ళకు శాపమేమిటో దాచకుండా చెప్పింది.

"ఈ గుంజకు పాకిన తీగ మీద కాయ కాయాలి. అది తీగ మీదే ఎండి, లోపల గింజలు గలగలలాడాలి. ఆ రోజు వీడు మనిషవుతాడు. అందాకా మీ చూరులో ఉన్న పాత గింజ ఒక్కటీ మొలవదు. మొలిచే గింజ అడవుల అవతల మా ఇంట్లో ఉంది. ఓపికుంటే రండి. ఒక్క మాట, చెదపురుగులు మాత్రం నా మాట వినవు!"

అలా అని అవ్వ మాయమైంది. పందిరి మీది పాత తీగ ఆ క్షణమే ఎండిపోయింది.

ఊరంతా మూటలు విప్పి కొన్ని గింజలు చల్లి చూసింది. ఒక్క మొలకైనా రాలేదు. రాజు స్వయంగా బయలుదేరబోతుంటే హేమలేఖ అడ్డుపడింది.

"మీరు వెళితే ఇక్కడ చెదలు ఎవరు దులుపుతారు, నాన్నగారూ? అన్నయ్యను భటులకు వదిలేస్తామా? నేను వెళతాను."

రాజు గుంజ మొదట్లో అప్పుడే పాకుతున్న చెదను తన ఉత్తరీయంతో దులిపాడు. "మీ అమ్మ ఉంటే నిన్ను ఆపేది కాదు" అని, తనే పెరుగన్నం మూట కట్టి ఇచ్చాడు.

మొదట ఎండల అడవి వచ్చింది. అక్కడ ఎప్పుడూ వేసవే. మిట్టమధ్యాహ్నం ఒక రాక్షసుడు ఒకే ఒక మల్లెమొక్క మీద కుండలతో నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. మొక్క తల వేలాడేసి ఉంది.

"ఉండు, నీళ్ళు పోశాక నిన్ను తింటాను" అన్నాడు రాక్షసుడు.

"మామా, ఇంత ఎండలో పోస్తే వేళ్ళు ఉడికిపోవూ?" అంది హేమలేఖ.

"పెంచేది నేనా, నువ్వా?"

"పెంచేది నువ్వే. చచ్చేది అది."

రాక్షసుడు కోరలు నూరుతూ చేతిలోని కుండ కింద పెట్టాడు. హేమలేఖ అతడి కుండల్లోంచి ఒక చిల్లికుండను తీసి మొక్క పక్కన మెడ దాకా పాతి, సాయంత్రం నీళ్ళు నింపింది. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచింది. నీళ్ళు బొట్లుబొట్లుగా వేళ్ళకు దిగాయి. మల్లె తల ఎత్తి, ఒక మొగ్గ తొడిగేదాకా ఆమె అక్కడే ఉంది. రాక్షసుడు నేల మీద బోర్లా పడుకుని ఆ మొగ్గ వాసన చూశాడు.

"నిన్ను తిననులే, పో" అన్నాడు. "ఇలాంటి కుండ ఒకటి పట్టుకుపో. నా కుండలన్నిటికీ చిల్లులే. ఇన్నాళ్ళూ సిగ్గుపడి దాచుకున్నాను."

తర్వాత వానల అడవి. లోయంతా నీళ్ళు. గట్టు మీద, నీళ్ళు దాటించే ఏనుగంత నత్త ఒకటి కొమ్ములు చాచి చూసింది.

"నీ... మూటలో... లేత మొలకలున్నాయా?"

"ఇప్పుడు లేవు. తిరిగొచ్చేటప్పుడు ఒక గింజ ఉంటుందేమో. అది మాత్రం నీకు పెట్టను."

"లేవంటే... సరిపోయేదిగా. ఉంటుందని... ఎందుకు చెప్పావు?"

"తిరిగొచ్చేటప్పుడూ నీ వీపు మీదే కదా రావాలి!"

నత్త మెల్లగా, చాలా మెల్లగా నవ్వింది. తీగలకోటలో మళ్ళీ పచ్చదనం వస్తే ఒక తోటకూర మడి నత్తలకు వదలాలనీ, పాదుల జోలికి నత్తలు రాకూడదనీ ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. హేమలేఖ దాని వీపెక్కి నీళ్ళు దాటింది.

చలి అడవిలో ఒక ముని మంచులో కూర్చుని పళ్ళు టకటకలాడిస్తున్నాడు. ఎదురుగా హోమగుండం ఆరిపోయి ఉంది.

"నా తపస్సు భంగం చేయకు, అమ్మాయీ" అన్నాడు కళ్ళు తెరవకుండా. వెంటనే, "ముందు నాలుగు పుల్లలు ఏరుకురా" అన్నాడు.

హేమలేఖ నిప్పు రాజేసి, మిగిలిన కాస్త అన్నం వెచ్చచేసి పెట్టింది. ముని తిని, చెయ్యి కడుక్కుని, ఇబ్బందిగా చూశాడు. "వరాలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను, తల్లీ. ఈ బూడిద తప్ప ఏమీ లేదు."

"అదే ఇవ్వండి స్వామీ. మా ఊళ్ళో ఒక గుంజకు చెద పట్టింది."

చలి అడవి అంచున అవ్వ ఇల్లు కనిపించింది. ఆ పెరట్లో ఒక పక్క గోంగూర, ఒక పక్క పొట్లకాయలు, ఇంకో పక్క బంతిపూలు, మూడు కాలాలూ ఒకేసారి ఉన్నాయి. పందిరి నిండా ఆనపకాయలు వేలాడుతున్నాయి. ఒక్కదానికీ దారం లేదు.

"వీటిలో విత్తనానికి ఏది ఉంచాలో చూపించు" అంది అవ్వ.

హేమలేఖ అన్నిటికంటే పెద్ద కాయను దాటి వెళ్ళింది. తీగ మొదటికి దగ్గరగా, మచ్చలేకుండా, తిన్నగా దిగిన కాయ దగ్గర ఆగి, వేలు ముడిచి చూపించింది.

అవ్వ ఆ ముడిచిన వేలి వైపే చూసింది. "ఎవరు నేర్పారే?"

"మా అమ్మ."

అవ్వ లోపలికి వెళ్ళి ఒకే ఒక గింజ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఒక్కటేనా, అవ్వా?"

"చూసుకునేవాళ్ళుంటే ఒక్కటి చాలదూ?"

హేమలేఖ తిరిగి వచ్చేసరికి రాజు గుంజ పక్కన పీట మీద కూర్చుని చీపురుపుల్లలతో చెదలు దులుపుతున్నాడు. చెద అప్పటికే మోకాలెత్తు దాకా తినేసింది. ఆమె గుంజ చుట్టూ ముని బూడిద పోసి, చెద తిన్న చోటల్లా పూసింది. తొలకరి జల్లు పడిన మర్నాడు గుంజ మొదట్లో గింజ పెట్టింది. వాన ముఖం చాటేసిన రోజుల్లో రాక్షసుడి చిల్లికుండే పాదును బతికించింది.

తీగ గుంజను చుట్టుకుని పందిరెక్కింది. పూలు పూసి రాలిపోయాయి. హేమలేఖకు ఏడుపొచ్చింది. రాజు నవ్వాడు.

"అవి కాయ కట్టని పోతుపూలే, పిచ్చిపిల్లా. ముందు అవే వస్తాయి. మీ అమ్మ దగ్గర నేనూ ఇలాగే కంగారుపడ్డాను."

కాయపువ్వు ఒకటి వచ్చింది. ఇంకెక్కడా పూలు లేక ఆ రాజ్యంలో తుమ్మెదలు లేవు. చీకటి పడుతుండగా రాజు పోతుపువ్వు ఒకటి తుంచి, దాని పుప్పొడిని కాయపువ్వుకు మెల్లగా అద్దాడు. కొన్నాళ్ళకు పిందె నిలిచింది. రాజు రాణి చీర అంచు నుంచి ఎర్రటి పోగు ఒకటి లాగి తెచ్చాడు. తండ్రీకూతుళ్ళు కలిసి దాన్ని తొడిమకు కట్టారు. ఊరివాళ్ళు వచ్చి చూసి, ఒకరికొకరు వేళ్ళు ముడిచి చూపించుకుని వెళ్ళారు. ఆ తీగకు అదొక్కటే కాయ.

చలికాలం వచ్చింది. కాయ ఇంకా పచ్చిగానే ఉంది. బూడిద అయిపోవచ్చింది. చెద నడుము దాటింది. అలాంటి రోజున అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఆకలేస్తోందే అమ్మాయ్. ఆ కాయ కోసి దప్పళం పెట్టు. మీ అన్నను ఈ క్షణమే వదిలేస్తాను. శాపం నాదే కదా."

హేమలేఖ గుంజను పట్టుకుంది. ఆమె చేతి కింద కర్ర పొడిపొడిగా రాలింది.

"మరి గింజలో?"

"గింజలు నాకెందుకు? నీకు అన్న కావాలా, గింజలు కావాలా?"

రాజు చీపురుపుల్లలతో గుంజను దులుపుతూనే ఉన్నాడు. హేమలేఖ కళ్ళు తుడుచుకుంది.

"మా అన్న ఇవాళ బయటికొస్తే రేపు తినడానికి ఊళ్ళో ఏముంటుంది, అవ్వా? వచ్చే ఏడు ఎవరి పెరట్లో ఏం మొలుస్తుంది? ఆకలైతే గంజి ఉంది, పోస్తాను. ఆ కాయను మాత్రం నేను కోయను. మా అన్నను నేనే కాచుకుంటాను."

అవ్వ అరుగు మీద చతికిలబడింది. "పోయవే గంజి. ఉప్పు కాస్త ఎక్కువెయ్యి" అంది. గంజి తాగి మూతి తుడుచుకుని, రాజు చేతిలోని చీపురుపుల్లలు తీసుకుంది. కాయ ఎండేదాకా ఆమె అక్కడే ఉండి, వాళ్ళిద్దరితో వంతులు వేసుకుని చెదలు దులిపింది.

చలి వెనకబట్టి ఎండ కాస్త పదునెక్కిన ఒక ఉదయం గాలి వీచింది. పందిరి మీద ఏదో గలగలమంది. రాజు లేచి నిలబడ్డాడు. మళ్ళీ గలగలమంది. గుంజ ఒళ్ళు విరుచుకుంది. జయకేతుడు పందిరిని తలతో ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెల్లీ, నడుము పైదాకా ఒకటే దురద. ఎవరైనా గోకండి!" అన్నాడు. తర్వాత కాయను చూసి, మెల్లగా వేలు ముడిచి చూపించాడు.

ఎండిన కాయను పగలగొట్టి ఇంటికొక గింజ పంచారు. మరుసటి తొలకరికి ప్రతి పందిరీ పచ్చబడింది. చూరుల్లోని పాత గింజలూ మొలిచాయి. నత్తలకు తోటకూర మడి వదిలారు. రాణి చేమంతుల దగ్గర చెంబుతో ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు.

ఆ ఏడే జయకేతుడికి పట్టం కట్టారు. విందుకు ఎండల అడవి రాక్షసుడు చెవిలో మల్లెపువ్వు పెట్టుకుని వచ్చాడు. కొత్త రాజు సొంతంగా పెంచిన పాదు నుంచి కోసిన ఆనపకాయతో దప్పళం వండారు. అవ్వ రెండుసార్లు అడిగి వేయించుకుంది. అది ఆ పాదుకు కాసిన రెండో కాయ. మొదటిది ఎర్రదారంతో పందిరి మీదే ఉంది.