ఎవరు లేచి వెళ్ళాలి

తెలేసియా కొబ్బరి కోరుతూ కొడుకు మాటలకు ఊఁ కొడుతోంది. సెమిసీ వంటపాక బయట, వీపు ఇటు తిప్పి నిలబడి టీ తాగుతున్నాడు. లోపల అక్క లోసలినె కర్రపెండలం దుంపలు ఉడికిస్తోంది కాబట్టి అతను లోపలికి రాడు. మీసం మొలిచినప్పటి నుంచి అంతే. అక్కాతమ్ముళ్ళు ఒక కప్పు కింద కూర్చోరు, ఒకరితో ఒకరు నేరుగా వేళాకోళం ఆడరు. టోంగాలో ఏ ఇంట్లోనైనా ఇది నేర్పకుండానే వచ్చే మర్యాద.

"అమ్మా, అక్కని అడుగు, దుంపలు ఉడికాయా లేదా అని."

"అమ్మా, ఆయనగారితో చెప్పు, దుంపలకి కాళ్ళు లేవు, వాటంతట అవి నడిచి రావు అని," అంది లోసలినె.

తెలేసియాకి నవ్వొచ్చింది. ఇద్దరి మధ్యా ఆమే తపాలా. "ఇదిగో, తీసుకో," అని పళ్ళెం బయటికి అందించింది. "రేపు షెడ్డు చూడ్డానికి ఫౌండేషన్ రూత్ గారు వస్తున్నారు కదా. మీ నాన్న నిన్ను ముందు నిలబెడతానంటున్నారు. ఏం మాట్లాడాలో అనుకున్నావా?"

లోసలినె చేతిలోని గరిటె ఆగింది. తెలేసియా అది చూసింది, చూడనట్టు కొబ్బరి వైపు తిరిగింది.

ఊళ్ళో పడవల ఇంజిన్లు చెడిపోతే ఓడ మీద రాజధాని నుకుఅలోఫాకి పంపి, నెలల తరబడి ఎదురుచూడడం మామూలే. కిందటేడు బ్రిస్బేన్‌లోని ఒక ఫౌండేషన్ ఊరి యువతకు సాయం ఇచ్చింది. ఆ సాయంతో ఒడ్డున రేకుల షెడ్డు లేచింది, పనిముట్లు వచ్చాయి, ఇంజిన్ల పని నేర్పడానికి ఒక మాస్టారూ వచ్చాడు. మొదటి ఏడాదికి షరతు ఒక్కటే. అబ్బాయిలూ అమ్మాయిలూ సమానంగా నేర్చుకోవాలి. రెండో ఏడాది సాయం అందాలంటే పిల్లల్లో ఒకరు షెడ్డు నడపాలి. ఆ ఒకరికి నుకుఅలోఫాలో పై శిక్షణ కూడా ఇప్పిస్తారు. గ్రామాధికారి అయిన లోపెటి, అంటే తెలేసియా భర్త, ఆ ఒకరు తన కొడుకే అని ఏనాడో తేల్చేసుకున్నాడు.

లోసలినె మాత్రం అలా తేల్చుకోలేదు.

మధ్యాహ్నం కాకముందే లోపెటి ఇంటికి వచ్చేశాడు. బయటికి వెళ్తే మర్యాదగా నడుముకు చుట్టుకునే అల్లిక చాప సగం ఊడి వేలాడుతోంది. ఆయన అలా వీధిలో నడవడం తెలేసియా ఎన్నడూ ఎరగదు.

"ఎక్కడే నీ కూతురు?"

"షెడ్డులోనే ఉండాలి. ఏమైంది?"

"షెడ్డులోనే ఉంది! అదే అయింది! సెమిసీ లోపలికొస్తే అది లేవలేదు. ఒళ్ళో ఇంజిన్ ముక్కలు పెట్టుకుని అలాగే కూర్చుంది. వాడు గుమ్మంలో ఆగిపోయి, ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగిపోయాడు. కుర్రాళ్ళందరూ కిసుక్కుమన్నారు. ఊరి అధికారి కూతురికి మర్యాద తెలీదని రేపటికి ఊరంతా అంటుంది."

అంతలో లోసలినె వచ్చింది. మోచేతుల దాకా నల్లని నూనె. తండ్రిని చూసి తల వంచుకుంది, కానీ పక్కకు తప్పుకోలేదు.

"ఎందుకు లేవలేదు?"

"ఇంజిన్ విప్పి ఉంది నాన్నా. వదిలేసి లేస్తే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి."

"చేతులు కడుక్కుని వచ్చేయాల్సింది."

"ఏడాదిగా కడుక్కుంటూనే ఉన్నాను. సగం పనిలో ఉండగా వాడొస్తాడు, నేను లేస్తాను. వాయులా తమ్ముడొస్తే వాయులా లేస్తుంది. ఒక్కొక్కళ్ళం లేచి వెళ్ళి మామిడి చెట్టు కింద కూర్చుంటాం. ఇంజిన్ విప్పడం అమ్మాయిలందరికీ వచ్చు, బిగించడం నాకు తప్ప ఎవ్వరికీ రాదు. నాకెలా వచ్చిందో తెలుసా? అబ్బాయిలు చేపలకి వెళ్ళిన రోజుల్లో మాస్టారిని బతిమాలి నేర్చుకున్నాను."

"నేర్చుకున్నావుగా, చాలు. రేపు రూత్ గారి ముందు అమ్మాయిలు వరసగా నిలబడి నవ్వండి, టీ ఇవ్వండి. షెడ్డు సెమిసీ చూసుకుంటాడు."

"నేనూ చూసుకోగలను నాన్నా. నేనే చూసుకోవాలని ఉంది."

ఆ మాటకి లోపెటి ముందు తెల్లబోయాడు. తర్వాత కోపం వచ్చింది. "షెడ్డు జాబితాలో నీ పేరు ఎందుకిచ్చాననుకున్నావు? అమ్మాయిలు కావాలన్నారు కాబట్టి ఇచ్చాను. లెక్క సరిపోవడానికి!"

లోసలినె ఏడుస్తుందని తెలేసియా భయపడింది. ఆ పిల్ల ఏడవలేదు. చేతులు తుడుచుకుంటూ, "అయితే లెక్కలో ఉన్నాను కదా నాన్నా. అక్కడే ఉంటాను, లేవను," అంది.

"నా మాట వినవన్నమాట. సరే, మా అక్కని పిలుస్తాను. ఆవిడ చెప్పాక ఎలా వినవో చూస్తాను."

ఇంట్లో మేనత్త మాటకు తిరుగులేదు. తండ్రి ఒప్పుకున్న పెళ్ళినైనా ఆవిడ ఆపగలదు, బిడ్డకు పెట్టిన పేరునైనా మార్చగలదు. కాలో అత్త ఆచారం విషయంలో మరీ గట్టిది. ప్రార్థనలో దగ్గిన పిల్లల వైపు కూడా కళ్ళెర్రజేస్తుంది. ఆవిడ వస్తోందంటే లోసలినె పని అయిపోయినట్టేనని తెలేసియా అనుకుంది.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక కాలో అత్త కర్ర తాటించుకుంటూ వచ్చింది. తెలేసియా మంచి చాప పరిచింది. ఆవిడ మధ్యలో కూర్చుంది. అప్పటిదాకా ఇంట్లో పచార్లు చేస్తున్న లోపెటి, అక్క రాగానే గుమ్మం దాటి బయట మెట్టు మీద సర్దుకు కూర్చున్నాడు.

"ఏమే, రాణీగారూ! తమ్ముడొస్తే కదలవట. నీకు కాళ్ళు పడిపోయాయా?"

"లేదత్తా."

"మరి? మీ నాయన నా దగ్గరికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈ వయసులో వాడి చీమిడి నేను తుడవాలా?"

బయటి నుంచి లోపెటి గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నేను ఏడవలేదు."

"నువ్వు ఊరుకో. నీతో కాదు నేను మాట్లాడేది." అత్త మళ్ళీ మేనకోడలి వైపు తిరిగింది. "ఆచారం అంటే ఆటకాదే. అది పోతే మనకి మిగిలేది ఏముంది? రేపు లేస్తావు. అంతే."

లోసలినె ముందుకు జరిగి, మోకాళ్ళ మీద కూర్చుంది. "మీరు లేవమంటే లేస్తాను అత్తా. మీ మాట నేనెప్పుడూ దాటలేదు. ఒక్కటి అడగనిస్తారా?"

"అడుగు."

"మీరు మా ఇంటికొచ్చినప్పుడు బయటికి వెళ్ళి కూర్చునేది ఎవరు?"

కాలో అత్త నెమ్మదిగా గుమ్మం వైపు తల తిప్పింది. ఊరందరికీ ఆజ్ఞలిచ్చే మనిషి, సొంతింటి మెట్టు మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, ముసురుతున్న చీకట్లో దోమలు తోలుకుంటున్నాడు.

"లోపెటీ."

"అక్కా."

"అక్కడెందుకు కూర్చున్నావు?"

"మీరొచ్చారు కదా."

"నన్ను లేవమని ఎప్పుడైనా అన్నావా?"

"ఎంత మాట అక్కా! నా నోరు పడిపోదూ!"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయనకే వినపడింది.

అత్త కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. కోపంగానే ఉంది. కానీ ఆ కోపం ఇప్పుడు ఎటు చూడాలో వెతుక్కుంటోంది. "ఇంట్లో తమ్ముడు బయట తింటాడు. షెడ్డులో అక్క బయటికి పోతుంది. ఇదెక్కడి ఆచారం? తమ్ముడొస్తే లేచి పొమ్మని నీకు ఎవరు నేర్పారే?"

లోసలినె తల వంచుకుని ఊరుకుంది.

ఆడపడుచు ముందు కోడలు నోరెత్తకూడదు. పెళ్ళైన నాటి నుంచి తెలేసియా ఈ చాప అంచున కూర్చుని వడ్డించడమే తప్ప మాట్లాడింది లేదు. కూతురు తన పేరు దాచిపెడుతోందని తెలిశాక కూర్చోలేకపోయింది.

"నేనే వదినా," అంది. "షెడ్డు మొదలైన రోజు నేనే చెప్పాను. అది మగపిల్లల చోటు, వాళ్ళకి అడ్డం రాకు, వాడొస్తే నువ్వే లేచిరా అన్నాను. మా అన్నయ్య ఇంటికి నేను వెళ్తే ఆయనే లేచి బయటికి పోతాడు. అక్కడ దర్జాగా కూర్చుంటాను. ఇక్కడ నా బిడ్డని నేనే లేపాను. మర్యాద అనుకున్నాను. భయమే అది."

కళ్ళు నిండిపోయి ఆమెకి ఎవరి మొహమూ కనపడలేదు. లోసలినె వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఇంకా నూనె వాసన.

"ఏడవకు," అంది అత్త, విసురుగానే. "ఏడుపులతో నాకు తలనొప్పి. వినండి. అక్క ఉన్నచోట తమ్ముడే తప్పుకోవాలి. అది ఇల్లయినా, షెడ్డయినా, సముద్రం మధ్యలో పడవయినా. షెడ్డులో ఎవరు ఏ వేళ ఉండాలో ఈ పిల్లే చెప్తుంది. లోపెటీ, విన్నావా?"

"విన్నానక్కా."

"లెక్క సరిపోవడానికి పెట్టావట దీని పేరు. నన్ను కూడా మన నాన్న లెక్కకే కన్నాడనుకున్నావా?"

లోపెటి, "తప్పు మాట అన్నాను," అని చీకట్లోకి చూస్తూ అన్నాడు. అది అక్కతో అన్నాడో, కూతురితో అన్నాడో. లోసలినె మాత్రం తనకే అనుకుంది.

పెరట్లోంచి సెమిసీ గొంతు వినిపించింది. అంతా విన్నాడన్నమాట. "అమ్మా, అక్కతో చెప్పు. నుకుఅలోఫా వెళ్ళాలని నాకూ ఉంది. లేదని అబద్ధం చెప్పను. కానీ పొద్దున అక్క లేవకపోతే నాకు కోపం రాలేదు. నామీద నాకే సిగ్గేసింది."

మర్నాడు రూత్ గారు పడవ దిగారు. ఎండకి ఎర్రబడిన మొహం, పెద్ద టోపీ, మంచి మనిషి. షెడ్డులో లోసలినె, వాయులా, మిగిలిన అమ్మాయిలు పనిలో ఉన్నారు. అబ్బాయిలు గుంపుగా వచ్చారు. అందరికన్నా ముందు నడుస్తున్న సెమిసీ లోపల అక్కని చూసి గుమ్మం దగ్గర ఆగాడు. తల వంచి వెనక్కి తిరిగి, మామిడి చెట్టు కిందికి వెళ్ళి కూర్చున్నాడు. వాయులా తమ్ముడు కాస్త తటపటాయించి అతని వెనకే వెళ్ళాడు. అలా ఒక్కొక్కడే అందరూ వెళ్ళారు.

రూత్ గారి మొహంలో రంగు మారింది. "లోపెటి గారూ, అబ్బాయిలు అమ్మాయిలతో పనిచేయం అని వెళ్ళిపోయారా? ఇలా అయితే నేను మా వాళ్ళకి ఏం చెప్పాలి?"

కుర్రాళ్ళని లోపలికి పిలవడం లోపెటికి ఒక్క క్షణం పని. ఆయన పిలిస్తే వచ్చేస్తారు, సాయానికి ఢోకా ఉండదు. ఊరి పెద్దలు ఆయన వైపే చూస్తున్నారు.

"వాళ్ళు వదిలి వెళ్ళలేదు," అన్నాడు లోపెటి. "లోపల వాళ్ళ అక్కచెల్లెళ్ళు ఉన్నారు. అందుకని లేచి చోటిచ్చారు. మా దగ్గర అంతకన్నా పెద్ద గౌరవం లేదు. ఏడాదిపాటు తలకిందులుగా చేశాం. ఇవాళ సరిగ్గా చేస్తున్నాం."

"మరి వాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారు? వేళలు ఎవరు చూస్తారు? షెడ్డు నడిపేది ఎవరు?"

లోపెటి షెడ్డు లోపలికి చూశాడు. లోసలినె ఇంజిన్ మీద వంగి ఉంది, చివరి మరలు బిగిస్తోంది, తల ఎత్తలేదు.

"నన్ను అడుగుతారేమిటి? లోపలికి వెళ్ళి ఆమెను అడగండి."