నల్లగుడ్డ కింద నాచు

పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో జనం కూర్చునే గదికి అందమంతా ఆ ఉప్పునీళ్ళ తొట్టెదే. గోడ పొడుగునా అద్దం, అద్దం వెనక ఊదారంగు పగడాలు, వాటి మధ్య నారింజరంగు చేపలు. దవడ పట్టుకుని మూలుగుతూ వచ్చినవాళ్ళు కూడా కాసేపు నొప్పి మరిచిపోయేవాళ్ళు. తొట్టె శుభ్రం చేసే కుర్రాడు మాత్రం చేపల్ని చూసేవాడు కాదు. రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే అమ్మాయిని చూసేవాడు.

ఆమె మాట్లాడినా నవ్వినా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకునేది. ఈమధ్యే మొదలైన అలవాటు. ఆ సిగ్గు తన కోసమేనని అతనికో నమ్మకం. అతను రాని రోజున పడిపోయిన పగడాన్ని ఆమే చెయ్యి పెట్టి నిలబెట్టిందట. ఆ సంగతి తలుచుకుని ఎంత మురిసిపోయాడో. అతనైతే మోచేతిదాకా రబ్బరు తొడుగు లేకుండా ఆ నీళ్ళు ముట్టడు.

అలాంటి తొట్టెకి నాచు పట్టుకుంది.

మొదట రాళ్ళ మీద పచ్చటి నూగు. టూత్‌బ్రష్‌తో తోమేశాడు. వారం తిరక్కుండానే జానెడు పెరిగి పగడాలను కమ్మేసింది. నత్తల్ని వదిలాడు, నీళ్ళు మార్చాడు, లాభం లేకపోయింది. మేత ఎక్కువైతే నాచు పడుతుందని అతనే మాటవరసకి అన్నాడు. అదే కొంప ముంచింది. పనీపాటా లేక ఈ అమ్మాయే చేపల్ని మేపుతోందని డాక్టరు గారు తేల్చేశారు. నెలాఖరుకి నీళ్ళు తేటపడకపోతే ఇక రావద్దన్నారు. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగం మీదే.

"నేనేం వెయ్యట్లేదండీ" అని మాత్రం అందామె, చున్నీ చాటు నుంచి.

అతను ఆ మాట నమ్మాడు. మేత డబ్బా తన సంచిలో వేసుకున్నాడు. దీపాలు ఆర్పి, తొట్టె మొత్తానికి నల్లగుడ్డ కప్పి, తాడుతో బిగించాడు. వెలుతురు లేకపోతే నాచు మాడి చస్తుంది.

"ఏమోయ్ చేపల డాక్టరూ, నీ పేషెంటు బతుకుతుందా, ముసుగేసి పడుకోబెట్టావు?" అని డాక్టరు గారు వెటకారమాడారు.

కొన్నాళ్ళకి, డాక్టరు గారు భోజనానికి వెళ్ళిన వేళ చూసి వచ్చాడు. తాడు ముడి తను వేసింది వేసినట్టే ఉంది. గుడ్డ ఎత్తి తల లోపల పెట్టాడు. బయట పట్టపగలు. లోపల కాటుక చీకటి. ఉప్పు వాసన, దాని అడుగున ఇంకేదో... పాత నెత్తురు లాంటి వాసన.

టార్చి వేశాడు.

నాచు చావలేదు. చీకట్లోనే పెరిగింది. తొట్టె నిండా, అద్దానికి ఆనుకుని, ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా కదులుతోంది. చేపలన్నీ ఒక మూల ముద్దగా ఒదిగి ఉన్నాయి. దేనికో భయపడ్డట్టు.

అడుగున ఏదో కుళ్ళుతోంది, దీనికి తిండి అదే అనుకున్నాడు. తొడుగుతో తడిమితే ఏమీ తెలియలేదు. తీసేశాడు. ఒట్టి చెయ్యి లోపల పెట్టాడు.

నాచు గోరువెచ్చగా ఉంది. దాని కింద ఇసుక. ఇసుకలో గట్టిగా ఏవో ముక్కలు. అంతలో మెత్తగా ఏదో వేళ్ళ మీద పాకింది... ఒక్కో వేలూ తడుముతూ... లెక్కపెడుతున్నట్టు. నత్తేలే అనుకున్నాడు. దొరికినవి గుప్పిట పట్టి చెయ్యి లాగేశాడు.

పగడం ముక్కలు కావవి. పళ్ళు. మనుషుల పళ్ళు, కుదుళ్ళతో సహా నాలుగు.

ముందు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ప్రాణం లేచివచ్చింది. పీకిన పళ్ళని ఎవరో ఇందులో పారేస్తున్నారన్నమాట! ఆమె తప్పేం లేదు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. పరుగున వెళ్ళి బల్ల మీద గుప్పిట విప్పాడు. డాక్టరు గారికి చూపిద్దామని, ఇక దిగులు పడొద్దని గబగబా చెప్పాడు.

ఆమె ఆ పళ్ళని చూసి ఆశ్చర్యపోలేదు. నీళ్ళు కారుతున్న అతని చేతిని చూసింది.

"తొడుగు వేసుకోలేదా?" గుసగుసగా అడిగింది.

"లేదు..."

ఆమె చున్నీ దించింది. పై వరసలో నాలుగు ఖాళీలు. గాయం లేదు. చిగురు నున్నగా ఉంది, అక్కడ ఎప్పుడూ ఏమీ మొలవనట్టు.

"నేను వెయ్యట్లేదు. అదే తీసుకుంటోంది" అంది. "నొప్పేం ఉండదు. చప్పుడొక్కటే వినబడుతుంది."

గదిలో ఎవరూ లేరు. నల్లగుడ్డ లోపల, అద్దం మీద ఏదో చిన్నది పడింది.

టిక్.

అతని నాలుక తనంతట తనే దవడ చివరికి వెళ్ళింది. అక్కడ... నున్నగా ఉంది.